గంపెడు పిల్లలున్న ఇంట్లో: చేయవలసినవి, చేయకూడనివి

పిల్లలు ఎక్కువున్న ఇంట్లో మామూలుగా పెద్దలూ ఎక్కువే ఉంటారు. ఇంతమందిమి ఉండగా పిల్లలకేమవుతుందిలే అనిపిస్తుంది. ప్రమాదమంతా ఆ ధీమాలోనే ఉంది. ఒక్క బిడ్డతో ఒంటరిగా ఉన్న తల్లికి బిడ్డ ఎక్కడున్నాడో ఎప్పుడూ తెలుసు. వేసవి సెలవలకు ఆడపడుచులు పిల్లల్ని వేసుకుని దిగిన ఇంట్లో అలా కాదు. రెండేళ్ళ బుడ్డోడు నడుచుకుంటూ దొడ్లోకి వెళ్ళిపోతే పిన్ని దగ్గరున్నాడని తల్లి అనుకుంటుంది, తల్లి దగ్గరున్నాడని పిన్ని అనుకుంటుంది, ఇద్దరూ ఉన్నారు కదా అని నానమ్మ అనుకుంటుంది. అందరికీ వాడంటే ప్రాణమే. ఆ కాసేపు మాత్రం వాడు ఎవరి దగ్గరా లేడు.

అందుకే జాగ్రత్తలన్నిటికంటే ముందు కాపలా సంగతి చెప్పాలి.

కాపలా ఎవరిది?

మా ఇంట్లో అత్తయ్య పెట్టిన పద్ధతి ఒకటుంది. ఐదేళ్ళలోపు పిల్లలెవరూ మాట లేకుండా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారరు. "వదినా, బుడ్డోడు నీ దగ్గర" అని ఒకరంటే, "ఆఁ, నా దగ్గరే" అని అవతలి మనిషి పైకి అనాలి. తల ఊపితే చెల్లదు. కొత్తగా వచ్చిన చుట్టాలకు మొదట్లో ఇది వింతగా ఉంటుంది. రెండో రోజుకల్లా వాళ్ళూ అలాగే అంటుంటారు.

"పిల్లల్ని కాస్త చూస్తూ ఉండండి" అని గదిలో అందరికీ కలిపి చెప్పకండి. పేరు పెట్టి ఒక్కరికే చెప్పండి. కాపలా ఉన్న మనిషి ఫోను పక్కన పెట్టాలి. కూరలు తరుగుతూనో, సీరియల్ చూస్తూనో చేసేది కాపలా కాదు. అరగంటకోసారి మనిషిని మార్చండి. పెళ్ళి, గృహప్రవేశం, వ్రతం ఉన్న రోజున ఇది మరీ అవసరం. ఆ రోజు తల్లికి పీటల మీద పని ఉంటుంది, వీధి తలుపు తెరిచే ఉంటుంది, దొడ్లో పెద్ద పొయ్యి వెలుగుతూ ఉంటుంది.

పదేళ్ళ పిల్లకు పసిబిడ్డను అప్పజెప్పి పనిలో పడిపోవడం మనకు బాగా అలవాటు. ఆడపిల్లయితే ఇక అడగనే అక్కర్లేదు. "అక్క చూసుకుంటుందిలే" అంటాం. పదేళ్ళ పిల్ల తమ్ముణ్ణి ఆడించగలదు గానీ కాపాడలేదు. ఏదైనా జరిగితే ఆ తప్పు తనదేనని జన్మంతా మోస్తుంది. పిల్లల నెత్తిన ఆ బరువు పెట్టే హక్కు మనకు లేదు.

నీళ్ళు

ప్రపంచం మొత్తమ్మీద చూస్తే నీళ్ళలో మునిగిపోయే ముప్పు ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లలకే ఎక్కువ. మునిగే పిల్లవాడు కేకలేస్తాడనీ, చేతులు కొట్టుకుంటాడనీ అనుకుంటాం. అదేమీ ఉండదు, చప్పుడే వినబడదు. రెండేళ్ళవాడికి ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. బకెట్లోకి తొంగిచూస్తూ తలకిందులైతే మళ్ళీ పైకి లేవలేడు. ముక్కూ నోరూ మునిగేంత నీళ్ళుంటే చాలు.

వాడకం అయిపోయిన బకెట్, టబ్ వెంటనే బోర్లించండి. రోజు మార్చి రోజు నీళ్ళొచ్చే ఊళ్ళలో నీళ్ళు పట్టి ఉంచక తప్పదు కాబట్టి, అక్కడ బాత్‌రూం తలుపుకు బయటివైపు, పెద్దవాళ్ళ భుజం ఎత్తులో గడియ పెట్టించండి. సంపుకు ఇనుప మూత, దానికి తాళం ఉండాలి. ట్యాంకరు వచ్చి సంపు నింపుతున్నంతసేపూ ఒక మనిషి మూత దగ్గరే నిలబడాలి. పైపు పెట్టి, మూత పక్కకు జరిపి, టీ తాగడానికి లోపలికి రాకండి. నుయ్యి వాడకంలో ఉన్నా లేకున్నా పైన ఇనుప జాలీ బిగించండి.

కాలవ రేవుకు బట్టలుతకడానికి వెళ్ళేటప్పుడు చిన్నపిల్లల్ని వెంట తీసుకెళ్ళకండి. వానలు పడ్డాక చెరువుల్లో మట్టి తవ్విన గోతుల దగ్గరికి అసలు పోనివ్వకండి. నిన్న మోకాలి లోతున్న చోటే ఇవాళ మనిషి లోతు ఉంటుంది.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కలిసి వెళ్ళినప్పుడు ఇంకో ఘోరం జరుగుతుంది. ఒకడు జారితే, వాణ్ణి లాగడానికి రెండోవాడు, ఆ ఇద్దరి కోసం మూడోవాడు దిగుతారు. ఒకే ఇంటి పిల్లలు ఒకేసారి పోవడం వెనక చాలాసార్లు జరిగింది ఇదే. అందుకని పిల్లలకు ఈత నేర్పినా, నేర్పకపోయినా ఈ మాట మాత్రం నేర్పండి: మునిగేవాడి కోసం నీళ్ళలోకి దిగొద్దు. గట్టిగా అరవాలి. కర్ర, తాడు, చున్నీ ఏది దొరికితే అది అందించాలి. ఖాళీ ప్లాస్టిక్ బిందెకో, మూత బిగించిన ఖాళీ డబ్బాకో మనిషిని తేల్చే శక్తి ఉంది, దాన్ని విసరాలి.

నీళ్ళలోంచి తీసిన బిడ్డను తలకిందులుగా వేలాడదీయకండి, గిరగిర తిప్పకండి, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించాలని చూడకండి. దానివల్ల పోయేది సమయమే. ఊపిరి లేకపోతే ముందు నోట్లో నోరు పెట్టి ఐదుసార్లు ఊపిరి ఊదాలి. తర్వాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో ముప్పైసార్లు నొక్కి, రెండుసార్లు ఊదుతూ అంబులెన్స్ వచ్చేదాకా ఆపకుండా చేయాలి. చదివితే వచ్చే విద్య కాదిది. ఇంట్లో కనీసం ఇద్దరు చేత్తో చేసి నేర్చుకోండి.

పొయ్యి, వేడినీళ్ళు

పిల్లలందరికీ వరసగా తలంట్లు పోసే ఆదివారం పొద్దున్న పొయ్యి మీంచి బాత్‌రూం దాకా సలసల కాగే నీళ్ళ గిన్నె ఎన్నోసార్లు ప్రయాణం చేస్తుంది. ఆ దారిలోనే మిగతా పిల్లలు పరిగెడుతుంటారు. తలంట్ల రోజున పిల్లలందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి తలుపు వేసిన తర్వాతే గిన్నె దించండి. బకెట్లో ముందు చన్నీళ్ళు పోసి, ఆ తర్వాతే వేడినీళ్ళు కలపండి. ముందు వేడినీళ్ళు పోసి, చన్నీళ్ళ కోసం వెనక్కి తిరిగిన క్షణంలోనే పిల్లలు చెయ్యి పెడతారు. 60 డిగ్రీల నీళ్ళు పెద్దవాళ్ళ చర్మాన్నే ఐదారు సెకన్లలో లోతుగా కాల్చేస్తాయి. పసివాళ్ళ చర్మం ఇంకా పల్చన. కాళ్ళ మీద పడుకోబెట్టి లాలపోసే పెద్దవాళ్ళు అరచేత్తో కాదు, మోచేత్తో వేడి చూడాలి. ఏళ్ళతరబడి వంట చేసిన అరచేతికి వేడి సరిగ్గా తెలియదు.

నేల మీద బంతి వేసినప్పుడు చారు, సాంబారు గిన్నెలు నేల మీద పెట్టకండి. బల్ల మీంచే వడ్డించండి. పిల్లలంతా కూర్చున్నాకే వేడి గిన్నె గదిలోకి రావాలి. చంటిదాన్ని చంకనేసుకుని దోసెలు పోయకండి. విందు వంటలు జరిగే షెడ్డుకు తాడు కట్టి, పిల్లలు రాకుండా ఒక మనిషిని నిలబెట్టండి.

కాలితే చేయవలసింది ఒక్కటే. కుళాయి కింద, ధారగా పడే చల్లటి నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచాలి. గాజులు, మురుగులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. తర్వాత శుభ్రమైన పల్చటి గుడ్డ కప్పి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. టూత్‌పేస్టు, పసుపు, ఇంకు, దోసెపిండి, ఐసు, ఏవీ వద్దు. బొబ్బలు చిదమకండి, చర్మానికి అతుక్కున్న బట్ట లాగకండి.

నోట్లో పెట్టుకునేవి

భోగిపళ్ళు నాకెంతో ఇష్టమైన వేడుక. రేగుపళ్ళు, నానబెట్టిన శనగలు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర డబ్బులు కలిపి, దిష్టి తీసి, పసిపిల్లల తల మీంచి పోస్తాం. పోయగానే చుట్టూ ఉన్న పిల్లలు ఏరుకోవడానికి ఎగబడతారు. ఒక్కసారి ఆ పళ్ళెంలోకి చూడండి. రేగుగింజ, శనగ, రూపాయి బిళ్ళ మూడూ మూడేళ్ళ పిల్లాడి గొంతుకు అడ్డంపడే కొలతలోవే. పైగా అందరూ హారతి పాటల్లో, ఫొటోల్లో ఉంటారు.

మానేయమని నేననను. పిల్లల కింద పెద్ద దుప్పటి పరవండి. పోయడం అయిన వెంటనే కూర్చున్న బిడ్డను ఎవరో ఒకరు ఎత్తుకోవాలి, గుప్పిళ్ళు విప్పి చూడాలి, నోట్లో వేలు పెట్టుకుని ఉంటే నోరు చూడాలి. ఐదేళ్ళు దాటినవాళ్ళే ఏరుకోవాలి. ఆ తర్వాత దుప్పటి నాలుగు కొసలూ పట్టి దులిపి, గది ఊడ్చి, సోఫా కింద కూడా చూసి, అప్పుడు చిన్నవాళ్ళను కిందకు దించండి.

నాలుగేళ్ళు నిండేదాకా పల్లీలు, పుట్నాలు, జీడిపప్పు గింజలుగా పెట్టకండి, పొడి చేసి పెట్టండి. ద్రాక్షపండును నిలువునా కోసి ఇవ్వండి. సీతాఫలం గింజలు తీశాకే చేతికివ్వండి. తింటూ పరిగెత్తనివ్వకండి, నోట్లో ముద్ద ఉండగా నవ్వించకండి. అందరికంటే చిన్నవాడికి ఎక్కువ ముప్పు వాడికంటే కాస్త పెద్దవాళ్ళ ప్రేమతోనే. నాలుగేళ్ళ అక్క తను తినే పల్లీ ఒకటి ఎనిమిది నెలల తమ్ముడి నోట్లో పెడుతుంది. "పాపాయికి పెద్దవాళ్ళే పెట్టాలి" అని పిల్లలందరికీ రోజూ చెప్పండి. తింటూ తింటూ ఒక్కసారిగా పొలమారి, తర్వాత రోజుల తరబడి దగ్గు, పిల్లికూతలు తగ్గకపోతే ఆ పొలమారిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. పల్లీబద్ద ఊపిరితిత్తుల్లోకి జారి ఉండొచ్చు.

గొంతుకు అడ్డంపడ్డ బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. శబ్దం రాక, ముఖం నీలంగా మారుతుంటే ఆలస్యం పనికిరాదు. ఏడాదిలోపు బిడ్డనైతే తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా వేసుకుని, రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు వేయాలి. వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో రెండు వేళ్ళతో ఐదుసార్లు నొక్కాలి. ఏడాది దాటితే వీపు మీద ఐదు దెబ్బలు వేశాక, వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన పిడికిలి పెట్టి, లోపలికీ పైకీ ఐదుసార్లు లాగాలి. అడ్డం పడింది బయటికి వచ్చేదాకా మార్చి మార్చి చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే నీళ్ళ దగ్గర చెప్పినట్టు ఛాతీ నొక్కడం, ఊపిరి ఊదడం మొదలుపెట్టాలి. కంటికి కనబడని వస్తువు కోసం గొంతులో వేలు పెట్టి కెలకకండి. అది ఇంకా లోపలికి పోతుంది. నీళ్ళు తాగించకండి.

నాణెం మింగితే అరటిపండో అన్నం ముద్దో పెట్టి కిందికి తొయ్యాలని చూడకండి. ఎక్స్‌రే తీయించండి. పొట్టలోకి చేరిన నాణెం చాలావరకు దానంతటదే పోతుంది, అన్నవాహికలో ఆగితే తీయించాలి. గుండ్రటి బటన్ బ్యాటరీ మింగితే కథ వేరు. రిమోట్‌లో, వెలుగులు చిమ్మే బొమ్మల్లో, పాడే గ్రీటింగ్ కార్డుల్లో అవి ఉంటాయి. అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కండను కాల్చేస్తుంది. మింగాడని అనుమానం వస్తే చాలు, అర్ధరాత్రయినా బయల్దేరండి. ఏడాది దాటిన బిడ్డ మింగగలుగుతుంటే దారిలో పది నిమిషాలకోసారి రెండు చిన్న చెంచాల తేనె ఇవ్వొచ్చు. తేనె కోసం మాత్రం ఆగకండి. ఏడాదిలోపు బిడ్డకు ఎప్పుడూ తేనె నాకించకండి. ముక్కులో, చెవిలో పెట్టుకున్న పూసను పిన్నీసుతో తీయకండి.

మందులు

ఒకడికి జ్వరం వస్తే వారంలో అందరికీ వస్తుంది. సరిగ్గా అప్పుడే ఒకే డోసు రెండుసార్లు పడుతుంది. తల్లి వేసి స్నానానికి వెళ్తుంది. ఒళ్ళు కాలిపోతోందని నానమ్మ మళ్ళీ వేస్తుంది. ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించండి. పేరు, మందు, ఎన్ని మి.లీ., ఎన్ని గంటలకు, ఎవరు వేశారు అని గళ్ళు గీసి, పెన్ను దారంతో కట్టి ఉంచండి. మందు వేసిన చెయ్యే రాయాలి. పారాసెటమాల్ కొలత వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 15 మి.గ్రా. మించకూడదు, డోసుకూ డోసుకూ నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి, రోజుకు నాలుగు డోసులు దాటకూడదు. చుక్కల సీసాలో ఒక మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్‌లో ఐదు మి.లీ.కి 120 లేదా 125 ఉండేదొకటి, 250 ఉండేదొకటి. ఆ సీసా కొలత ఈ సీసాకు వాడితే మోతాదు ఎన్నో రెట్లు మారిపోతుంది. పెద్దవాడికి రాసిచ్చిన మందు చిన్నవాడికి పోయకండి. దగ్గు సిరప్ రెండేళ్ళలోపు అసలు వద్దు, ఐదేళ్ళలోపు డాక్టరు రాయకుండా వద్దు.

విరేచనాలకు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం, దాని మీద రాసినన్ని నీళ్ళలో కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో కలిపితే మేలు కంటే కీడెక్కువ. ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకున్న తియ్యటి పానీయాల డబ్బాలు అందుకు పనికిరావు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది.

కిరోసిన్, ఫినాయిల్, పురుగుమందు వీటిని నీళ్ళ సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో పోయకండి. తాగితే ఉప్పునీళ్ళు పోసి కక్కించకండి. కిరోసిన్ కక్కేటప్పుడే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసాతో సహా ఆస్పత్రికి వెళ్ళండి.

ఉయ్యాల, నిద్ర, కరెంటు, మేడ

చీర ఉయ్యాల చంటిబిడ్డకు హాయిగానే ఉంటుంది. బిడ్డ లేనప్పుడు దాన్ని విప్పేయకపోవడంతోనే గొడవ. ఏడెనిమిదేళ్ళ పిల్లలు అందులో కూర్చుని గిరగిర తిరుగుతారు, చీర మెలిపడి మెడకు బిగుసుకుంటుంది. బిడ్డను తీయగానే చీర విప్పండి, లేదా పై కొక్కేనికి ఎత్తి కట్టండి.

పసిబిడ్డను వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా పడుకోబెట్టండి. అందరూ వరసగా పడుకునే చోట పెద్దపిల్లల మధ్య ఇరికించకండి. మెడలో తాడు, దిష్టిపూసల దండ వేసి నిద్రపుచ్చకండి. ముక్కులో నూనె చుక్కలు వేయడం, ఏడుస్తుంటే బలవంతంగా ఆముదం పట్టడం మానండి. ఊపిరితిత్తుల్లోకి పోయిన నూనె ఒక పట్టాన పోదు.

కరెంటు సంగతి రెండు మాటల్లో చెప్తాను. కూలర్‌లో నీళ్ళు పోసేముందు స్విచ్ ఆపి ప్లగ్ పీకండి, హీటర్ రాడ్‌ను పిల్లలున్న ఇంట్లో వాడకండి. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టమని ఎలక్ట్రీషియన్‌ను అడగండి. ఇక మేడ మీద, పిల్లలు ఎక్కి తొంగిచూడకుండా, పిట్టగోడ పక్కన మంచం, కుర్చీ, పూలకుండీ పెట్టకండి.

బండ్లు, కార్లు

స్కూటరు ముందు ఒకరు నిలబడి, మధ్యలో ఒకరు, వెనక తల్లి ఒళ్ళో ఒకరు వెళ్ళడం రోజూ చూస్తున్నదే. రెండు ట్రిప్పులు వేయండి. 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం నాలుగేళ్ళలోపు బిడ్డను నడిపేవారికి కట్టే బెల్టుతో బిగించాలి, తొమ్మిది నెలలు దాటినవారికి హెల్మెట్ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. ఇంట్లోంచి కారు వెనక్కి తీసేముందు పిల్లలందరినీ అరుగు మీద నిలబెట్టి తలలు లెక్కపెట్టండి. అద్దంలో మూడడుగుల పిల్లాడు కనబడడు.

ఆగి ఉన్న కారుకు ఎప్పుడూ తాళం వేసి, తాళం చెవి పిల్లలకందని చోట తగిలించండి. 2025 మేలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకుంటూ కారెక్కిన నలుగురు చిన్నపిల్లలు తలుపులు మూసుకుపోయి, లోపలే ఊపిరాడక చనిపోయారు. దాగుడుమూతల వేళ ఎవరైనా కనబడకపోతే ముందు సంపు, నుయ్యి, తర్వాత కారు, ఆ తర్వాతే బీరువా, వీధి వెతకండి.

పిల్లలకు నేర్పవలసినవి

కుక్క గీరినా, కొరికినా పిల్లలు దాస్తారు. తిడతారని భయం. "ఏం జరిగినా చెప్తే తిట్టం" అని మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. రేబిస్ లక్షణాలు కనబడ్డాక దాదాపుగా ఎవరూ బతకరు. కరిచిన వెంటనే సబ్బుతో, కుళాయి ధార కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టి, చెప్పిన అన్ని డోసులూ పూర్తి చేయాలి. గాయానికి కారం, సున్నం పెట్టకండి. పాము కరిస్తే తాడు బిగించి కట్టకండి, గాటు పెట్టకండి. కాలు కదపకుండా మోసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఐదేళ్ళు దాటిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ తన పూర్తి పేరు, అమ్మానాన్నల పేర్లు, ఒక ఫోన్ నంబరు, ఇంటి దగ్గరి గుర్తు నోటికి రావాలి. జాతరకో పుష్కరాలకో వెళ్ళేటప్పుడు చిన్నవాళ్ళ ముంజేతి మీద నంబరు రాయండి. తప్పిపోతే ఉన్నచోటే నిలబడి, పక్కన పిల్లలున్న ఒక అమ్మనో, పోలీసునో అడగమనండి. 108 అంబులెన్స్‌కు, 112 అన్ని రకాల అత్యవసరాలకు, 1098 పిల్లల సాయానికి. తాళం వేసి ఉన్న ఫోన్‌లోంచి కూడా ఎమర్జెన్సీ కాల్ ఎలా చేయాలో చేతికిచ్చి చూపించండి. అవతలివాళ్ళు ఎత్తగానే ముందు ఎక్కడున్నామో, తర్వాత ఏమైందో, ఎంతమందికో చెప్పాలనీ, వాళ్ళు చాలన్నదాకా ఫోన్ పెట్టేయకూడదనీ చెప్పండి. ఒకరు ఫోన్‌లో మాట్లాడుతుంటే, ఇంకొకరు వీధి మొదట్లోకి వెళ్ళి బండికి దారి చూపించాలి.